కిటికీ గట్టునుండి పెరటి మడికి

కిటికీ గట్టుమీది చిన్న కుండలో మొలిచి నవనవలాడుచు పెరిగిన తులసిమొక్కను ఒక మంచిరోజు చూచి తులసికోటలో నాటుదురు. మొదటి దినము అది నిటారుగానే నిలుచును. రెండవ దినము మధ్యాహ్నమునకు ఆకులు వ్రేలాడును. మూడవనాటికి ఆకులమీద తెల్లని మచ్చలు పొడమి, పిదప అవి గోధుమరంగునకు తిరిగి, ఆకు ముట్టుకొన్నచో పొడి యగును. వారము తిరుగకమునుపే పుల్ల మిగులును. మన ఇండ్లలో సంగతి అంతటితో ముగియదు. నాటినవారు ఎవరని విచారణ మొదలగును. నాటినది క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలైనచో, ఆమె చేయి మంచిది కాదని ఒకరు, ఇంటికి ఏదో కీడు రానున్నదని మరియొకరు అందురు. నాలుగు దినములకు పెద్దలు ఆ మాట మరచిపోవుదురు. ఆ పిల్ల మాత్రము మరల మట్టి ముట్టుటకు జంకును.

ఆ మొక్కను చంపినది ఆమె చేయి కాదని చెప్పుటకే మేము ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. దానిని చంపినది ఎండ. ఎండ అనుటకంటె, అలవాటు లేని మొక్కకు ఒక్కమారుగా తగిలిన ఎండ అనుట సరి. హస్తవాసి గలవారని పేరుపొందిన పెద్దముత్తైదువలను గమనించి చూడుడు. వారు ఏ మంత్రమును చదువరు. మొక్కను తెచ్చి నూతిగట్టు ప్రక్క నీడలో నాలుగు దినములు ఉంచుదురు. మరి నాలుగు దినములు మునగచెట్టు క్రిందికి మార్చుదురు. మబ్బు పట్టిన సాయంత్రము చూచి నాటుదురు. ఎందుకని అడిగినచో "అలవాటు కావద్దా?" అని మాత్రము అందురు. శాస్త్రజ్ఞులు చెప్పుచున్నదియు ఆ మాటయే. ఆ అలవాటు మొక్క దేహములో ఏయే చోట్ల జరుగునో వారు అదనముగా చూపగలిగిరి.

ముందు వెలుతురు సంగతి. కిటికీ దగ్గర కూర్చుండి పుస్తకము చదువుకొనువారికి అచ్చట వెలుతురు పుష్కలముగా ఉన్నట్లే తోచును. మన కంటిపాప వెలుతురు తగ్గినపుడు విప్పారి, హెచ్చినపుడు ముడుచుకొని, ఆ తేడాను మనకు అంతగా తెలియనీయదు. మొక్కకు కంటిపాప లేదు. వెలుతురును లక్సు అను ప్రమాణముతో కొలుతురు. నడిమధ్యాహ్నపు ఎండలో ఆరుబయట సుమారు 1,00,000 లక్సుల వెలుతురు ఉండును. మబ్బు పట్టిన పగలు సైతము 10,000కు అటునిటుగా ఉండును. నేరుగా ఎండపడని కిటికీ గట్టుమీద సాధారణముగా రెండు మూడు వేలకు మించదు. గదిలోనికి నాలుగడుగులు జరిగినచో వందలలోనికి దిగును. అనగా కిటికీనుండి పెరటిలోనికి పది అడుగుల దూరము వచ్చిన మొక్క ముప్పది నలుబది రెట్ల వెలుతురులో పడుచున్నది. పదిదినములు లంఖణములు చేసి లేచిన రోగికి మొదటిపూటనే ముద్దపప్పు, ఆవకాయ వడ్డించువారు ఉండరు. ముందు గంజి, తరువాత చారన్నము, ఆ పిదప బీరకాయ కూర. ఈ వరుస తెలియని ఇల్లు లేదు. ఎండను కూడ మొక్కకు ఈ వరుసలోనే వడ్డించవలెను.

నీడలో పుట్టిన ఆకు ఎండలో పుట్టిన ఆకువంటిది కాదు. ఉన్న కొద్దిపాటి వెలుతురును వీలైనంత పట్టుకొనుటకై అది పలుచగా, వెడల్పుగా సాగును. ఆకులోని నీరు ఆవిరియై పోకుండ కాపాడు మైనపు పూత ఒకటి ఆకుపైన కలదు. గాలియు ఎండయు తగులని ఆకునకు ఆ పూత పలుచన. ఆకు అడుగున కంటికి కానరాని సన్నని రంధ్రములు కలవు. వీనిని పత్రరంధ్రములందురు. గాలి కదలక తేమగా ఉండు చోట పెరిగిన మొక్క ఈ రంధ్రములను వేళకు మూసికొనుటలో నేర్పరి కాదు. కిటికీకి అద్దపు తలుపులున్నచో మరియొక చిక్కు. ఎండలోని అతినీలలోహిత కిరణములలో ఘాటైన వానిని అద్దము చాలవరకు ఆపివేయును. ఆ కిరణములకు ఎదురుగా ఆకు తనంతట తాను తయారుచేసికొను రక్షక ద్రవ్యములు అద్దము చాటున పెరిగిన ఆకులో కొరతపడును. ఇట్టి ఆకుమీద నడిపొద్దు ఎండ పడినచో, అది వాడుకొనగలిగిన దానికంటె హెచ్చు వెలుతురు వచ్చిపడి, ఆకులోని పచ్చని పదార్థమే చెడిపోవును. మేము మొదట చెప్పిన తెల్లమచ్చలు దాని గురుతులు. మాడిన మచ్చ మరల పచ్చబడదు.

పాత ఆకు కొంతవరకే మారగలదు. మనము వారము పదిదినములు ఓపిక పట్టుట ముఖ్యముగా దాని కొరకు కాదు. ఆ వ్యవధిలో చిగురునుండి క్రొత్త ఆకులు వచ్చును. ఎండలో విచ్చుకొన్న ఆ ఆకులు చిన్నవి, దళసరివి, ముదురు రంగువి. వాసనయు వానిదే. కిటికీలోని తులసి ఆకును, పెరటిలోని తులసి ఆకును వేరువేరుగా నలిపి వాసన చూచినవారికి ఈ భేదమును వివరింప నక్కరలేదు. కావున లెక్కింపవలసినది దినములను కాదు, క్రొత్త ఆకులను. బయటి గాలిలో కనీసము ఒక క్రొత్త జత ఆకులు విచ్చుకొన్న పిదపనే మొక్కను నేలలో నాటవలెననునది మా అభిప్రాయము. అది ఏడు దినములలో కావచ్చును, పండ్రెండు దినములు పట్టవచ్చును. పంచాంగములోని ముహూర్తముకంటె ఈ గురుతు నమ్మదగినది.

ఇక కాండము. కిటికీ మొక్క మెడ చాచి వెలుతురువైపు వంగుట అందరు చూచినదే. చార్లెస్ డార్విను తన కుమారుడు ఫ్రాన్సిసు సహాయముతో ఈ వంపును పరీక్షించి 1880లో ఒక గ్రంథము ప్రకటించెను. గడ్డిమొలక కొనకు చిన్న తొడుగు తొడిగి వెలుతురు సోకనీయకున్నచో, క్రిందిభాగమునకు వెలుతురు తగులుచున్నను మొలక వంగదని, వెలుతురును కనిపెట్టునది కొనయేయని వారు చూపిరి. మొక్కై వంగనిది మానై వంగునా అని సామెత. మన కిటికీ మొక్కల విషయమున మాత్రము మొక్కగా ఉన్నపుడు వంగనీయకుండుటయే మేలు. దినమునకొకమారు కుండను పావువంతు త్రిప్పినచో చాలును. గాలి తగులని కాండము సన్నముగా, పొడవుగా, నీరుపట్టి పెరుగును. తరచు కదలిక తగులు మొక్క పొట్టిగా, లావుగా గట్టిపడునని అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు మార్క్ జాఫే 1973లో వివరించి, ఆ గుణమునకు ఒక శాస్త్రీయ నామము కూడ పెట్టెను. దీనిని ఇంటిలోనే వాడుకొనవచ్చును. ఉదయము వంటింటిలోనికి పోవుచు మొక్కల తలలమీద అరచేతితో నాలుగైదు మారులు మెల్లగా నిమిరినచో చాలును. పిల్లలకు అప్పగింపదగిన పని ఇది.

ఎండకంటె ఎక్కువగా మనము పట్టించుకొనని భాగము వేరు. మొక్కను పట్టి లాగినపుడు చేతికి వచ్చు వేళ్ళు నీటిని మోయు గొట్టములవంటివి. నీటిని నేలనుండి పీల్చు పని ఎక్కువభాగము చిన్నవేళ్ళ కొనలకు కొంచెము వెనుకగా నుండు కేశములది. వీనిని మూలకేశములందురు. 1937లో హోవర్డు డిట్మరు అను అమెరికా శాస్త్రజ్ఞుడు నాలుగు నెలల వయసుగల ఒకే ఒక రై ధాన్యపు మొక్కను పెట్టెనుండి తీసి, మట్టి కడిగి, కొన్ని భాగములను లెక్కించి మొత్తమును గణించెను. దాని వేళ్ళన్నిటిని వరుసగా పేర్చినచో 600 కిలోమీటర్లు దాటును. మూలకేశములు సుమారు 1,400 కోట్లు. మన తులసి మొలకకు అంత సంసారము ఉండదు కాని వ్యవస్థ అదియే. మట్టి రాలిన క్షణమున ఈ కేశములు తెగిపోవును. అవి మరల పుట్టుటకు కొన్ని దినములు పట్టును. ఆ లోపల ఆకులు మాత్రము ఎండలో నీటిని ఆవిరిగా విడుచుచునే ఉండును. ఉగాదినాడు ఆదాయము రెండు, వ్యయము పదునొకండు అని విన్న రాశివారి పరిస్థితి ఆ మొక్కది. ఆదాయమును వెంటనే పెంచుట మన చేతిలో లేదు. వ్యయమును తగ్గించుట మన చేతిలో ఉన్నది. నీడ పట్టుట, సాయంత్రము నాటుట, గాలికి అడ్డు కట్టుట అన్నియు వ్యయమును తగ్గించు ఉపాయములే.

మన రైతులు దీనిని పుస్తకములో చదివి నేర్చికొనలేదు. మిరప నారు పెంచువారు, వంగ నారు పెంచువారు నారు పీకుటకు కొన్ని దినములు ముందుగా తడులు తగ్గించుదురు. నారు కొంచెము రాటుదేలును. పీకుటకు ముందు మాత్రము మడిని బాగుగా తడుపుదురు. ఈ రెండు పనులు ఒకదానికొకటి విరుద్ధములని తోచునేకాని కావు. మొదటిది మొక్కను గట్టిపరచుటకు, రెండవది వేరు తెగకుండుటకు.

ఆంగ్ల తోటపని పుస్తకములు చదివి మొక్కలు పెంచువారికి ఒక హెచ్చరిక. ఆ దేశములలో కిటికీ మొక్కను రాటుదేల్చుట అనగా ముఖ్యముగా చలికి అలవాటు చేయుట. మంచు కురియుట ఆగిన తరువాత బయట పెట్టుమని వ్రాయుదురు. మనకు శత్రువు చలి కాదు. ఆ పుస్తకములోని దినముల లెక్కను మాత్రము తీసికొని, మే నెలలో మొక్కను బయట పెట్టినవారికి దక్కునది ఏమియు ఉండదు. అమెరికాలో కాపురముండి కిటికీలలో తులసిని, కరివేపాకును చలికాలమంతయు బ్రదికించుకొను తెలుగువారికి ఆ పుస్తకములే సరియైనవి. రాత్రి చలి 10 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగుచున్నంతకాలము వారు ఈ మొక్కలను బయట విడువరాదు. కాని చలి తగ్గినదని ఒక్కమారుగా ఎండలో పెట్టినచో అచ్చట కూడ ఆకు మాడును.

మన ప్రాంతమున కాలము ఎట్లు ఎన్నుకొనవలెను? రోహిణి కార్తెలో మొక్కను కదల్చుటయే తప్పు. జూన్ 8 ప్రాంతమున మృగశిర ప్రవేశించగానే తొలకరి వచ్చినదని తొందరపడుదురు. ఒక్క వాన కురిసి, పిదప పదిదినములు పడమటి గాలి వీచుట కోస్తాలో కొత్త కాదు. ఆ గాలి లేతమొక్కను ఎండకంటె వేగముగా పీల్చివేయును. ఆరుద్ర వచ్చి, ఆకాశము మబ్బులకు అలవాటుపడిన తరువాత నాటుట క్షేమము. రెండవ అదను స్వాతి కార్తె మొదలు కార్తికమాసమంతయు. క్షీరాబ్ది ద్వాదశికి కోటలో క్రొత్త తులసిని చూడగోరువారు ఆశ్వయుజమాసము చివరనే మొక్కను బయటి గాలికి అలవాటు చేయ నారంభించవలెను. పండుగ ముందటి సాయంత్రము కిటికీనుండి నేరుగా కోటలోనికి మార్చుటచేతనే ఎన్నియో మొక్కలు పోవుచున్నవి.

క్రమము ఇట్లుండును. మొదటి రెండు మూడు దినములు మొక్కను వసారాలో, ఎండ నేరుగా పడని చోట, గాలి మాత్రము తగులునట్లు ఉంచవలెను. తరువాత ఉదయపు ఎండ ఒక గంట. ఎనిమిది గంటలు దాటకుండ లోపలికి జరుపవలెను. ఆపైన దినమునకు అరగంటయో గంటయో పెంచుకొనుచు పోవచ్చును. సాయంకాలపు ఎండను ఉదయపు ఎండతో సమానముగా భావింపరాదు. మూడు గంటలవేళ గాలి వేడియెక్కి, పొడిబారి ఉండును. ఇంత శ్రద్ధ చేయ తీరికలేనివారికి మునగచెట్టు కలదు. దాని నీడ జల్లెడవలె ఉండును. ఎండ చుక్కలుచుక్కలుగా పడి, చెట్టు ఊగినపుడెల్ల చోటు మారుచుండును. కుండను మునగ క్రింద పదిదినములు ఉంచినచో గంటలు లెక్కింప పనిలేదు. చింతచెట్టు నీడ అంత మంచిది కాదు, మరీ దట్టము. మేడలలో నివసించువారు వరండా కమ్మీకి పలుచని పాత నూలుచీర కట్టి, కొన్ని దినములు రెండు మడతలుగాను, తరువాత ఒక మడతగాను ఉంచి ఇదే ఫలితము పొందవచ్చును. ఈ దినములలో నీరు మానివేయరాదు. మట్టి పైభాగము ఒక అంగుళము ఆరిన పిదప పోయవలెను.

నాటు దినమున మొక్క వయసును కూడ చూచుకొనవలెను. తులసికి సుమారు ఆరు వారములు నిండి, నాలుగైదు జతల ఆకులు ఉండవలెను. మధ్యాహ్నమే కుండను తడిపి ఉంచినచో సాయంత్రమునకు మట్టి ముద్దగట్టి వేళ్ళతోకూడ జారివచ్చును. కాండమును పట్టి లాగరాదు. కుండను బోర్లించి, కాండమును రెండు వ్రేళ్ళ సందున నిలిపి, అడుగున తట్టవలెను. గోతిలో బాగుగా మాగిన పశువుల ఎరువు చారెడు కలిపినచో చాలును. పచ్చిపేడ వేసినచో వేళ్ళు మాడును. కుండలో ఎంత లోతున ఉన్నదో అంతే లోతున నాటవలెను. నల్లరేగడి నేలలో నీరు నిలుచును గనుక మట్టి కొంచెము ఎత్తుచేసి నాటవలెను. ఎర్రనేలలో దానికి విరుద్ధముగా పళ్ళెమువలె పాదు చేయవలెను. నాటిన వెంటనే ఒక్క చెంబెడు నీరు. పిదప మూడు నాలుగు దినములు పగటివేళ ఆముదపు ఆకునో తాటాకు ముక్కనో గొడుగువలె నిలిపి, సూర్యాస్తమయమున తీసివేయవలెను. రాత్రి మంచు తగులనీయవలెను.

మరునాడు మధ్యాహ్నము ఆకులు వ్రేలాడుట సహజము. దానిని చూచి బిందెడు నీరు కుమ్మరించుటయే నాటినవారు చేయు రెండవ పొరపాటు. సాయంత్రము చల్లబడిన తరువాత ఆకులు తిరిగి నిలిచినచో మొక్కకు ఏ ఆపదయు లేదు. ఉదయమునకు కూడ లేవనిచో అప్పుడు నేలను వ్రేలితో పొడిచి చూడవలెను. తడిగా ఉన్నచో లోపము నీటిది కాదు, నీడ చాలలేదన్నమాట. తడిమీద తడి పెట్టిన లేతమొక్కకు మొదట కుళ్ళు సోకి కాండము నేలమట్టమున నల్లబడి విరిగిపడును. నారుమళ్ళలో రైతులు భయపడు నారుకుళ్ళు ఇదియే.

తులసికోటను గురించి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. చూచుటకు ఎంత గంభీరముగా ఉన్నను, లోపల మట్టి పట్టు చోటు చాలా కోటలలో ఒక చిన్న బాల్చీ అంతయే. నాలుగు ప్రక్కల గోడలు ఎండకు కాగి మట్టిని వేడిచేయును. నేలలో నాటిన తులసికంటె కోటలోని తులసికి తొందరగా దాహమగుటకు ఇదియే కారణము. అడుగున నీరు పోవుటకు రంధ్రము లేని కోటలు మరికొన్ని. అట్టివానిలో వానకాలమున వేళ్ళు కుళ్ళును. క్రొత్తగా కట్టిన సిమెంటు కోటనుండి సున్నపు ఊట దిగును. కొన్ని దినములు నీరు నింపి, తీసివేసి, ఆ తరువాత మట్టి పోయవలెను. దీపమును గూటిలో ఉంచవలెను. లేతమొక్క మొదట దీపము పెట్టినచో ఆ సెగ తగులును. ఒలికిన నూనె మట్టిలోనికి దిగును. భక్తికి ఇందువలన లోటు రాదు.

అన్ని మొక్కలు ఇట్లు కదలికను ఓర్చునవి కావు. కొత్తిమీరను కిటికీలో మొలిపించి పెరటిలో నాటవలెనని చూచుట వృథా ప్రయాస. దానికి నిలువుగా దిగు తల్లివేరు ఉండును. అది తెగినచో మొక్క ఆకు పెట్టుట మాని తొందరగా పూతకు వచ్చును. ధనియాలను మెల్లగా నలిపి రెండు బద్దలుగా చేసి, ఏ మడిలో కావలెనో అందే చల్లుట మేలు. ఒక ధనియములో రెండు విత్తనములు ఉండునని చాలమంది ఎరుగరు. మెంతికూరకును ఇదే నియమము. కరివేపాకు విత్తనము పండునుండి తీసిన కొద్ది వారములలోనే మొలకెత్తు శక్తిని కోల్పోవును గనుక తాజాగా నాటవలెను. మొక్కను మట్టిగడ్డ చెదరకుండ మార్చవలెను. మొదటి సంవత్సరము అది ఎదుగలేదని చింతపడరాదు. పుదీనాను వేళ్ళుదిగిన తీగలతో నాటుదురు. అరపూట నీడ, విడువని తేమ దానికి ఇష్టము. కాని మడిలో విడిచినచో ప్రక్కవారి చోటు ఆక్రమించును. అడుగు తీసిన పాత బాల్చీని నేలలో పాతి అందులో నాటుట మంచిది. వామాకు కొమ్మ ఎక్కడ గ్రుచ్చినను నాటుకొనును. దళసరి ఆకులలో నీరు దాచుకొను మొక్క అది. దానిని చంపునది ఎక్కువ నీరు మాత్రమే. మరువమునకు తులసికి చెప్పిన క్రమమే వర్తించును.

ఇదివరకే ఎండకు మాడిన మొక్క ఇంట ఉన్నచో పీకి పారవేయరాదు. కాండమును గోటితో కొంచెము గీచి చూడవలెను. లోపల పచ్చగా, తడిగా ఉన్నచో అది బ్రదికియున్నది. మాడిన ఆకులను తుంచక అట్లే విడువవచ్చును. క్రింది చిగురుకు అవి కొంత నీడ ఇచ్చును. మట్టి ఆరినపుడు మాత్రము నీరు పోయుచు, మధ్యాహ్నపు ఎండ తగులకుండ తాటాకు అడ్డుపెట్టి, రెండు మూడు వారములు వేచి చూడవలెను. ఆకు రాలిన చోట, కణుపుల వద్ద, ఆవగింజంత పచ్చని మొటిమలు కనబడును. ఆ నీరు పోయు పనిని, నాటిన పిల్లకే అప్పగింపవలెను.